లోకం చూసేదానికి నలభై లక్షలా?

"సార్, లోకం చూసేదానికి నలభై లచ్చలైతాదా?"

మదనపల్లె దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన టమాటా రైతు మా స్టాఫ్ రూములో కూర్చుని నన్నడిగిన మాట ఇది. నేను బెంగళూరు శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. చిత్తూరు, అనంతపురం, కడప వైపు నుంచి మా దగ్గరికి పిల్లలు గట్టిగానే వస్తారు. ఆయన కొడుకు ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. ఆయన ఒళ్ళో బట్టల షాపు సంచి ఒకటి ఉంది. అందులో పట్టాదారు పాసుపుస్తకం, ఈసీ కాగితాలు, ఇంటి పన్ను రసీదులు. బ్యాంకులో అడిగారట. అవి నా దగ్గరికి ఎందుకు తెచ్చాడో ఆయనకే సరిగ్గా తెలియదు. చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఒకసారి చూస్తే మంచిదని అనిపించి ఉంటుంది.

"మావోడు అమెరికాకు పోతానంటా ఉండాడు సార్. ఏం చదువుతావురా అంటే, చదువు ఈడా ఉంటాది నాయనా, ఆడికి పోతే లోకం చూసినట్టుంటాది అంటాడు. చదువుకైతే నేను కాదన్ను. లోకం చూసేదానికి నలభై లచ్చలైతాదా?"

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేదు. "ఈ రోజుల్లో ఎక్స్‌పోజర్ ముఖ్యం కదండీ" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. ఆయన అడిగింది సూటి ప్రశ్న. నేను చెప్పింది కన్సల్టెన్సీ గోడ మీది మాట. ఆయనకు బాకీ పడ్డ జవాబు ఇప్పుడు చెప్తున్నాను: కాదు, లోకం చూడటానికి 40 లక్షలు కావు. 40 లక్షలు అప్పు చేసి వెళ్ళినవాడికి లోకం కనిపించదు కూడా.

నేను కాదంటున్న అభిప్రాయం ఏమిటో ముందు సరిగ్గా చెప్పాలి. మారతహళ్ళి పీజీల్లో, ఆంధ్రా మెస్సుల్లో, పెళ్ళి భోజనాల బంతిలో అందరూ చెప్పేది ఒకటే. విదేశీ చదువంటే ఒక దెబ్బకు రెండు పిట్టలు. డిగ్రీకి డిగ్రీ, లోకజ్ఞానానికి లోకజ్ఞానం. ఇరవై రెండేళ్ళ వయసులో ఇల్లు దాటి, తన వంట తాను చేసుకుని, పది దేశాలవాళ్ళతో కలిసి కూర్చుంటే మనిషి మారతాడు అంటారు. అదే పిల్లవాడు "ఒక ఆరు నెలలు నా సొంతంగా తిరిగొస్తాను" అన్నాడంటే ఇంట్లో శోకాలు మొదలు. తిరుగుబోతు అంటారు, గ్యాప్ వస్తే ఉద్యోగం రాదంటారు. మొదటిది పెట్టుబడి, రెండోది దుబారా. ఈ లెక్కను తల్లిదండ్రులు నమ్ముతున్నారు, పిల్లలు నమ్ముతున్నారు, నాలాంటి పంతుళ్ళం సిఫారసు ఉత్తరాలు రాసి దాన్ని బలపరుస్తున్నాం.

ఏటా నవంబరు వచ్చేసరికి ఆ ఉత్తరాల కోసం పిల్లలు నా టేబుల్ చుట్టూ చేరతారు. యూనివర్సిటీకి పంపే ఎస్.ఓ.పి. కూడా ఒకసారి చూడమంటారు. మొదటి పేరాలోనో ఆఖరి పేరాలోనో ఎక్స్‌పోజర్ అన్న మాట ఉండి తీరుతుంది. ఈ మధ్య ఆ మాట కనిపించినప్పుడల్లా ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టాను: "అదే యూనివర్సిటీ, అదే ప్రొఫెసరు, అదే ల్యాబు. కానీ ఆ రెండేళ్ళూ క్యాంపస్ గేటు దాటడానికి వీల్లేదు. అప్పుడు కూడా వెళ్తావా?" కొందరు వెంటనే వెళ్తానంటారు. చిప్ డిజైన్ పిచ్చి ఉన్న పిల్ల ఒకతి ప్రశ్న పూర్తికాకముందే తలూపింది. అలాంటివాళ్ళకు నేను సంతోషంగా సంతకం చేస్తాను. కానీ చాలామంది ఆలోచనలో పడతారు. "గేటు దాటకపోతే ఎందుకు సార్ అంత దూరం?" అంటారు. వాళ్ళకు కావలసింది ప్రయాణం. చదువు దానికి దొరికిన సాకు. ఆ సాకుకు ఎంత ఖర్చవుతుందో వాళ్ళెవరూ లెక్క వేసుకోలేదు.

లెక్క వేద్దాం. 40 లక్షలకు ఏడాదికి 11 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 36,600 పైచిలుకు. చదివే రెండేళ్ళకు వడ్డీ మాత్రమే 8.8 లక్షలు. అప్పును విడతలుగా ఇస్తారు కాబట్టి ఇందులో కొంత తగ్గొచ్చు. అదంతా అసలులో కలిపి పదేళ్ళలో తీర్చాలంటే నెల వాయిదా 67 వేలు దాటుతుంది. ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా 7.5 లక్షలు దాటిన విద్యారుణానికి తాకట్టు అడుగుతాయి. ఇక్కడ ఆ రైతు సంచిలోని పాసుపుస్తకం సంగతి వస్తుంది. బాకీ తీరకపోతే తాకట్టు ఆస్తిని బ్యాంకు నేరుగా స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే చాలా బ్యాంకులు పొలాన్ని ఈ అప్పుకు తాకట్టుగా తీసుకోవు. అప్పుడు మిగిలేవి మూడు దారులు: ఉన్న ఇల్లు తాకట్టు పెట్టడం, ఎక్కువ వడ్డీకి ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ దగ్గర తీసుకోవడం, లేదంటే పొలం అమ్మడం. ఆ సంచిలో కాగితాలు మడతలు విప్పి చూస్తున్నప్పుడు నాకు ఈ విషయం తెలుసు. ఆయనకు తెలియదు.

ఇంత బరువు వీపున వేసుకుని దిగినవాడి రోజు ఎలా గడుస్తుంది? అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అనుమతి లేకుండా బయట పని చేస్తే వీసాకే ముప్పు. ఆ 20 గంటల జీతం తిండికి, గది అద్దెకు సరిపోతే గొప్ప. చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు, సైన్సు, ఇంజనీరింగ్ వాళ్ళకైతే మరో 24 నెలలు ఉద్యోగం చేసుకోనిస్తారు. కానీ మొదటి 12 నెలల్లో అన్నీ కలిపి 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఆ నియమం ఇంకోసారి చదవండి. లోకం చూడటానికి వెళ్ళినవాడి ఖాళీ రోజులను అక్కడ ప్రభుత్వం ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది.

మా పాత విద్యార్థి ఒకడు టెక్సాస్ నుంచి అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. వాళ్ళకు మధ్యాహ్నం, మనకు అర్ధరాత్రి దాటాక. ఒకసారి మాటల్లో అడిగాను, ఏమేం చూశావని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు: యూనివర్సిటీ, లైబ్రరీ కింద తను పనిచేసే కౌంటరు, గది, ఇండియన్ స్టోరు, ఒకసారి ఫ్రెండ్స్‌తో కలిసి సముద్రం. మూడేళ్ళలో అంతే. గదిలో నలుగురూ తెలుగువాళ్ళే. వంతులవారీగా పప్పు, చారు. "ఇక్కడి మనిషి ఇంట్లోకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు సార్" అన్నాడు. అతణ్ణి తప్పుపట్టను. అద్దె పంచుకోవాలంటే మనవాళ్ళతోనే ఉండాలి. మాట సాయానికీ, జ్వరం వస్తే గంజి కాచి ఇవ్వడానికీ మనవాళ్ళే కావాలి. నేను తప్పుపట్టేది, ఆ జీవితాన్ని ఇక్కడ లోకయాత్ర అని చెప్పి అమ్ముతున్నవాళ్ళను.

ఐరోపాలో పరిస్థితి కొంత మెరుగని ఒప్పుకోవాలి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు లేదు. ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందే అక్కడి ఖాతాలో చూపించాలి. అక్కడి నివాస అనుమతి ఉంటే షెంగెన్ దేశాలన్నీ తిరగొచ్చు. ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ దొరికితే చదువే రెండు మూడు దేశాల్లో సాగుతుంది. అలాంటి అవకాశం వస్తే వదులుకోమని ఎవరూ చెప్పరు. అయితే మన పిల్లల్లో పెద్ద ప్రవాహం పోతున్నది అటు కాదు. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. ఆ సంఖ్యలో 2009 తర్వాత భారత్ మళ్ళీ చైనాను దాటింది ఆ ఏడాదే.

చదువు ఒక టికెట్టుగా మారిపోయినప్పుడు ఏం జరుగుతుందో తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అనే బూటకపు సంస్థ మీద అధికారులు దాడులు చేశారు. అందులో చేరినవాళ్ళలో చాలామంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. వాళ్ళలో కొందరి కాళ్ళకు ఎక్కడున్నారో కనిపెట్టే రేడియో పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడింది. దానికి క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్ళు లేరు. వలపన్ని అమెరికా ప్రభుత్వమే పెట్టిన సంస్థ అది. మొదట పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. విద్యార్థులను చేర్పించారన్న నేరం మీద అరెస్టయిన ఎనిమిది మంది దళారుల్లో తెలుగువాళ్ళున్నారు. ఆ పిల్లలు దొంగలు కాదు. వాళ్ళకు కావలసింది అక్కడ ఉండటం. చదువు అందుకు కట్టాల్సిన రుసుము అయింది. రుసుమే కదా అనుకున్నాక, ఏ కౌంటర్లో కట్టామన్నది ఎవరూ చూసుకోలేదు.

ఆపైన నియమాలు మన చేతుల్లో ఉండవు. 2024 జనవరిలో కెనడా విద్యార్థి అనుమతులకు పరిమితి పెట్టింది. ఖాతాలో చూపించాల్సిన డబ్బును 10,000 డాలర్ల నుంచి 20,635కు పెంచింది. అదే ఏడాది జూలైలో ఆస్ట్రేలియా విద్యార్థి వీసా రుసుమును 710 డాలర్ల నుంచి 1,600కు తీసుకుపోయింది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు మా స్టాఫ్ రూములో రెండు రోజులు ఇదే మాట. ఫోన్లు పట్టుకుని వరండాల్లో తిరుగుతున్న తల్లిదండ్రులను చూశాను. ఇరవై రెండేళ్ళ పిల్లవాడి లోకం చూడాలన్న కోరికను ఇంకో దేశం సంతకాల మీద ఎందుకు వేలాడదీయాలి?

"మరి ఎల్లాప్రగడ సుబ్బారావు వెళ్ళలేదా?" అని మా సహోద్యోగి ఒకాయన అడిగారు. మంచి ప్రశ్న. నా వాదనకు అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. భీమవరంలో పుట్టిన సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగాడు. మామగారు, దాతలు ఇచ్చిన డబ్బుతో వెళ్ళాడు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ, ఖర్చులకు చాలక ఆస్పత్రిలో రాత్రిపూట మలమూత్రాల పాత్రలు ఎత్తే పని చేశాడు. 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ తర్వాత ఆయన కనిపెట్టిన మందుల సంగతి అందరికీ తెలిసిందే. నా ప్రశ్న ఆయన్ను అడిగి ఉంటే, గేటు దాటొద్దన్నా వెళ్తాననేవాడు. ఆయన వెళ్ళింది అమెరికాను చూడటానికి కాదు, రోగం లోతు చూడటానికి. అలా వెళ్ళేవాడికి అప్పు కూడా అర్థవంతమే. ఆయన పేరు చెప్పి ఎక్స్‌పోజర్ కోసం పొలం అమ్మించడం ఆయనకు చేసే అవమానం.

ఇక రెండో సగం. తిరగడం చదువు కాదన్న మాట. దీని మీద నాకు కోపం ఎక్కువ, ఎందుకంటే ఇది మన సొంత చరిత్రను మరిచిపోయి అంటున్న మాట.

ఏనుగుల వీరాస్వామి మదరాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న మదరాసు నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలల పదిహేను రోజులు. వెంట దాదాపు వంద మంది పరివారం, పల్లకీ బోయీలు. బీదవాడు కాడు, ఆ మాట దాచను. కానీ ఆయన చేసిన పని చూడండి. కడప, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, అక్కడి నుంచి తూర్పు తీరం వెంబడి కిందికి. దిగిన ప్రతి మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, బియ్యం, కాయగూరలు దొరుకుతాయా, దారి ఎలాంటిది, దొంగల భయం ఉందా, మనుషులు ఏ భాష మాట్లాడతారు, ఎవరి పాలన నడుస్తోంది అని రాసుకుని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపేవాడు. అవే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. ఆ కాలపు దేశం ఎలా బతికిందో తెలుసుకోవాలంటే చరిత్రకారులు ఈ రోజుకీ ఆ పుస్తకం తెరుస్తారు. ఆయనకు ఎవరూ డిగ్రీ ఇవ్వలేదు. దారిలో ఎవరూ పరీక్ష పెట్టలేదు. రోజూ సాయంత్రం కూర్చుని రాసుకోవడమే ఆయన పెట్టుకున్న క్రమశిక్షణ. మన కాలంలో మాచవరపు ఆదినారాయణ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధిస్తూ, సెలవులు వచ్చాయంటే కాలినడకన దేశం మీద పడేవారు. ఆయన పుస్తకం భ్రమణకాంక్షను మా కాలేజీ లైబ్రరీకి నేనే తెప్పించాను. అది పుటలు వంకర్లు తిరిగేంతగా పిల్లల చేతుల్లో నలుగుతోంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మా కాలేజీ ముందే విగ్రహమై నిలబడి ఉంది. సెప్టెంబరు 15న దండ వేసి ఇంజనీర్స్ డే జరుపుతాం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులది ఆంధ్రలోని మోక్షగుండం, పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళి. చదువంతా ఈ దేశంలోనే: బెంగళూరు సెంట్రల్ కాలేజీ, పూనా సైన్స్ కాలేజీ. విదేశీ డిగ్రీ లేదు. కానీ 1898లో సెలవు పెట్టి జపాన్ వెళ్ళి అక్కడి బడులు, కర్మాగారాలు చూసొచ్చాడు. 1908లో ఉద్యోగం వదిలి ఐరోపా, అమెరికా తిరుగుతుండగానే నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చింది. ఆ సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. వచ్చి ఆయన ఇచ్చిన సలహాల నుంచే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ పుట్టాయి. ఆయన అప్పటికే సంపాదనపరుడు, విద్యార్థి కాదు, నిజమే. ఇక్కడ నేను చూడమనేది క్రమం. ముందు పని తెలుసు. తర్వాత ఏం చూడాలో తెలుసు. అప్పుడు తన ఇష్టప్రకారం వెళ్ళాడు, తన ఇష్టప్రకారం వచ్చాడు. ఏ వీసా అధికారీ ఆయన ఖాళీ రోజులు లెక్కపెట్టలేదు.

బైయప్పనహళ్ళి దగ్గర 2022లో తెరిచిన రైల్వే టెర్మినల్‌కు ఆయన పేరే పెట్టారు. సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ అక్కడి నుంచే బిహార్‌లో పట్నా పక్కనున్న దానాపూర్ వెళ్తుంది. విజయవాడ, వరంగల్, నాగపూర్, జబల్‌పూర్ మీదుగా, రమారమి రెండు రోజుల ప్రయాణం. నాగపూర్ నుంచి ప్రయాగ దాకా వీరాస్వామి పల్లకీ నడిచిన దేశమే కిటికీలోంచి కదులుతుంది. స్లీపర్ టికెట్టు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. పట్నా నుంచి రక్సౌల్ చేరి సరిహద్దు దాటితే నేపాల్. దానికి మనకు పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు.

హిందూపురం పిల్ల ఒకతి, మా సివిల్ విద్యార్థిని, ఆరో సెమిస్టరు పరీక్షలయ్యాక స్నేహితురాలితో కలిసి ఆ రైలెక్కింది. బెళ్ళందూరులో తను ఉండే పీజీ ఉన్న వీధిలోనే సెంట్రింగ్ పని చేసి ఊరికి తిరిగి వెళ్తున్న ఒక బిహారీ మేస్త్రి ఎదురు బెర్తులో కూర్చున్నాడట. మాటల్లో తేలింది, ఆ పిల్ల పీజీ మూడో అంతస్తు స్లాబు వేసిన జట్టులో అతనొకడు. ఏ రోజు కాంక్రీటు పోశారో, ఆ రాత్రి వాన వస్తే టార్పాలిన్లు పట్టుకుని ఎలా నిలబడ్డారో చెప్పాడట. మూడేళ్ళుగా ఆ స్లాబు కింద పడుకుంటున్న అమ్మాయి! దానాపూర్‌లో అతని భార్య ఎదురొచ్చింది. ఈ అమ్మాయిలిద్దర్నీ ఊరికి తీసుకెళ్ళి లిట్టీ, చోఖా పెట్టి పంపింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు తప్ప వయసు మగవాళ్ళు దాదాపు లేరని మా విద్యార్థిని గమనించింది. వాళ్ళందరూ ఎక్కడున్నారో అడిగి, ఇంటింటి లెక్క నోట్‌బుక్కులో రాసుకుంది: బెంగళూరు, సూరత్, లూధియానా, మళ్ళీ బెంగళూరు. ఇరవై ఆరు రోజులకు ఆమెకు అయిన ఖర్చు పంతొమ్మిది వేల చిల్లర. ఆ నోట్‌బుక్కు నా టేబుల్ మీద పెట్టినప్పుడు నాకు గొంతు పట్టుకుంది. మూడేళ్ళలో నిర్మాణ శాస్త్రం గురించి నేను చెప్పలేకపోయినది ఆ చేతిరాతలో ఉంది.

నిజానికి ఆ రైలు కూడా ఎక్కకుండానే ఇక్కడ చాలా చూడొచ్చు. లోకం బెంగళూరుకు వచ్చి మన గుమ్మం దగ్గర కాపలా కాస్తోంది. 2012 ఆగస్టులో వదంతులు పుట్టి ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు వేల సంఖ్యలో సిటీ స్టేషన్‌కు పరుగులు తీశారు, గువాహటికి ప్రత్యేక రైళ్ళు వేశారు. అప్పుడు నేను పనిచేసే కాలేజీ మెస్సులో వడ్డించే ఇద్దరు కుర్రాళ్ళు కూడా రాత్రికి రాత్రి వెళ్ళిపోయారు. ఏళ్ళ తరబడి వాళ్ళ చేతి అన్నం తిన్న మాలో ఒక్కరికి కూడా వాళ్ళది ఏ జిల్లానో తెలియదు. నేనూ ఏనాడూ అడగలేదు. కన్నడం సంగతి చూడండి. మన లిపి, వాళ్ళ లిపి ఒక తల్లి బిడ్డలు. పది రోజులు బీఎంటీసీ బస్సు బోర్డులు శ్రద్ధగా చూస్తే చదవడం వచ్చేస్తుంది. అయినా నాలుగేళ్ళుండి బోర్డు చదవలేక, పక్కవాణ్ణి అడిగి బస్సెక్కే తెలుగు పిల్లలు నా క్లాసులో ఎంతోమంది. ఇక్కడ తెరుచుకోని కళ్ళు విమానం దిగగానే తెరుచుకుంటాయని ఎలా నమ్మమంటారు? చూడటం కూడా నేర్చుకోవలసిన విద్యే. అది నేర్చుకోవడానికి సిటీ బస్సు సరిపోతుంది, స్లీపర్ బోగీ సరిపోతుంది.

ఆడపిల్లను ఒంటరిగా ఎలా పంపుతాం అంటారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, నాకూ కూతురుంది. కానీ అదే అమ్మాయిని ఒక్క చుట్టం కూడా లేని డాలస్‌కో డబ్లిన్‌కో, మంచు కురిసే రాత్రి బస్సు కోసం నిలబడే బతుకులోకి పంపడానికి మనం వెనకాడటం లేదు కదా. అక్కడ అయితే ధైర్యం, ఇక్కడ అయితే తెగింపు ఎలా అయింది? మొదటి ప్రయాణానికి తోడు ఉండాలి. చీకటి పడేలోపు దిగేలా రైలు చూసుకోవాలి. యూత్ హాస్టళ్ళు ఉన్నాయి, తెలిసినవాళ్ళ ఇళ్ళు ఉన్నాయి. ఇవన్నీ నేర్పి పంపగలిగే జాగ్రత్తలే.

గ్యాప్ గురించి కూడా ఒక మాట. ఇంటర్వ్యూలో ఆరు నెలలు ఏం చేశావని అడిగితే, తిరిగాను అని ఊరుకునేవాడికి ఇబ్బందే. ఏం చూశాడో, ఏం రాసుకున్నాడో చెప్పగలిగేవాడికి అది ఇబ్బంది కాదు. పైగా ఆరు నెలలు ఒకేసారి అక్కర్లేదు. సెమిస్టరు సెలవులే రెండు ప్రయాణాలకు సరిపోతాయి. ఇండియా మాత్రమే లోకం కాదు కదా అంటారేమో. కాదు. నేపాల్ అయ్యాక శ్రీలంక, థాయిలాండ్, మలేషియా, వియత్నాం ఉన్నాయి. మన పాస్‌పోర్టుకు పెద్ద బాధ పెట్టని దేశాలు అవి, పిల్లలు పార్ట్‌టైమ్‌లో, ఇంటర్న్‌షిప్‌లో కూడబెట్టిన డబ్బుతో చూడగలిగినవి. ఐరోపా, అమెరికా మాత్రం ఆదాయం లేని విద్యార్థికి పర్యాటక వీసా అంత సులువుగా ఇవ్వవు. అవి ఉద్యోగం వచ్చాక చూడవచ్చు. అవి ఎక్కడికీ పోవు.

మన దగ్గరే ఉండి మనం వాడుకోని సౌకర్యాలు రెండు చెప్తాను. ఒకటి, రైల్వే విద్యార్థి రాయితీ. సొంత ఊరికి, విద్యాయాత్రలకు స్లీపర్, సెకండ్ క్లాసుల్లో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం. ప్రిన్సిపాల్ సంతకంతో ఫారం ఇస్తే చాలు. కరోనా కాలంలో చాలా రాయితీలు పోయినా ఇది పోలేదు. మా ఆఫీసులో ఆ ఫారాల పుస్తకం బీరువాలో దుమ్ము పట్టి ఉంటే నేనే బయటికి తీయించాను. రెండోది, సర్క్యులర్ జర్నీ టికెట్టు. బయలుదేరిన స్టేషన్‌కే తిరిగి వచ్చేలా దారి మనమే గీసుకుని రైల్వేకు దరఖాస్తు పెట్టాలి. మధ్యలో ఎనిమిది చోట్ల దిగి ఆగొచ్చు. ఛార్జీ మొత్తం దూరం మీద లెక్కిస్తారు కాబట్టి విడివిడి టికెట్లకన్నా తక్కువ పడుతుంది. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడు ఎవరికీ తెలియదన్నారు. అమెరికా యూనివర్సిటీలు ఇచ్చే ఐ-20 అంటే ఏమిటో మాత్రం మొదటి సంవత్సరం పిల్లలకు కూడా తెలుసు.

ఆ రైతు కొడుకును పిలిచి ఇవన్నీ చెప్పాను. వాళ్ళ మదనపల్లెకే 1919లో తిరుగుతూ వచ్చిన ఒక పెద్దమనిషి బీటీ కాలేజీలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన సంగతి అతనికి తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ రవీంద్రుణ్ణి 1878లో న్యాయశాస్త్రం చదవమని ఇంగ్లండ్ పంపితే డిగ్రీ లేకుండానే తిరిగొచ్చాడన్న సంగతి మాత్రం తెలియదు. అబ్బాయి ఏమీ అనలేదు. అమెరికా ఆలోచన మానలేదు, మానమని నేనూ చెప్పలేదు. ఏ సబ్జెక్టు మీద మనసుందో తేల్చుకోవడానికి ఒక ఏడాది తీసుకుంటానన్నాడు. ఒక తెల్లకాగితం మీద బెంగళూరు దగ్గర మొదలుపెట్టి గీత గీశాడు. ఆగే ఊళ్ళు ఎనిమిదికి బదులు పదకొండు వచ్చాయి. మూడింటిని కొట్టేయడానికి అరగంట పట్టింది.

వారం తర్వాత వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. పాసుపుస్తకం బీరువాలో పెట్టేశానని చెప్పాడు. కాసేపు టమాటా రేటు గురించి మాట్లాడి, పెట్టేసేముందు గొంతు తగ్గించి అడిగాడు:

"సార్, ఎనిమిది ఊర్లలో దిగొచ్చంటనే? ఆ టికెట్టు చదువుకునే పిల్లోళ్ళకేనా, నాకూ ఇస్తారా?"

ఎవరికైనా ఇస్తారని చెప్పాను.

"అయితే కోతలైనాక వస్తా సార్. వాడు గీసిన కాగితం మీ కాడ ఉంటే ఉండనీండి."